కైలాసం సారు మాదిరి పాఠం

నా బిడ్డ ఏదో ఒకనాడు నేను వద్దన్న మాటనే ముద్దుగా తిరిగి పలుకుతూ నిప్పులో చేయి పెడుతుందేమోనని నాకు భయం. మూడో ఏడు నడుస్తోంది. కుంపటి దగ్గరికి పోతుంటే మొన్నటిదాకా ‘డోంట్ టచ్’ అనేవాణ్ణి. తనూ ‘డోంట్ టచ్’ అంటూ ఇంకో అడుగు ముందుకు వేసేది. ఇంటికి వచ్చినవాళ్లు మెచ్చుకునేవారు. నేనూ మురిసేవాణ్ణి, అయినా కైలాసం సారు తరగతి గోడ గుర్తుకొచ్చేది.

ఆయన మా బొగ్గుబాయి బస్తీ బడిలో ఇంగ్లీషు పంతులు. ధర్మపురి దగ్గరి పల్లెలో పుట్టి, నిజాం కాలంలో ఉర్దూలో చదివి, ఉర్దూ ద్వారానే ఇంగ్లీషు నేర్చుకున్నారు. రాజ్యం మారి బడులు తెలుగులోకి వచ్చాక హైదరాబాదు పోయి కొత్త పద్ధతిలో శిక్షణ పొందారు. ఆ పద్ధతిలో తరగతి గడప దాటాక తెలుగు ముక్క వినబడకూడదు. సారు ఒక పని చేస్తూ ఇంగ్లీషులో ఒక మాట అనాలి. పిల్లలంతా ఒక్క గొంతుతో దాన్ని తిరిగి అనాలి. తలుపు తీస్తూ ఒకటి, కిటికీ మూస్తూ ఒకటి. పక్క గదిలో సైన్సు చెప్పే నాకు నా తరగతి పిల్లల మాటకంటే ఆ పిల్లల కోరసే ఎక్కువగా వినిపించేది. అందులో పై గొంతు శంకరవ్వది. బాయిలో బొగ్గు ఎత్తే మొండయ్య కూతురు. గోడ పక్కన కూర్చునేది.

ఆ గోడకు బీట ఉండేది. భూమి కింద మందు పేల్చినప్పుడల్లా బడి సన్నగా వణికేది, నల్లబల్ల మీది సుద్దపొడి రాలేది. బీట పెరుగుతోందో లేదో చూద్దామని దాని మీద అడ్డంగా ఒక కాగితం ముక్క అంటించాను. కొన్నాళ్లకే చిరిగింది. మరొకటి అంటించాను. అదీ చిరిగింది. హెడ్మాస్టరుకు చూపించాను.

“మాదిరి పాఠం అయిపోనియ్యి. తెల్లారి నుంచి పిల్లలను వరండాల కూసోబెడుదాం,” అన్నారాయన.

జిల్లాలోని బడుల ఇంగ్లీషు పంతుళ్లు నెలకోసారి ఏదో ఒక బడిలో కలిసేవారు. ఒకరు పాఠం చెబితే మిగతావాళ్లు వెనక బెంచీల మీద కూర్చుని చూసి, తర్వాత చాయ తాగుతూ తప్పులెన్నేవారు. అదే మాదిరి పాఠం. తెలుగు మాట దొర్లిందంటే ఆ పంతులును నెలల తరబడి ఆటపట్టించేవారు. ఈసారి వంతు కైలాసం సారుది.

నిర్మల్ నుంచి వచ్చిన అంబదాస్ సారు బెంచీ మీద కూర్చుంటూనే చురక వేశారు. “కైలాసం, నీ నోట్లకెళ్లి తెలుగు ముక్క ఊడిపడ్డదనుకో, ఏడాది దాక యాది చేస్త.”

“నిద్రల గూడ రాదు పో,” అన్నారు కైలాసం సారు.

నేనూ చివరి బెంచీ మీద కూర్చున్నాను. నా కళ్లు పాఠం మీద లేవు, ఆ ఉదయం అంటించిన కాగితం మీద ఉన్నాయి. అంతలో కాళ్ల కింద నేల కదిలింది. కాగితం చప్పుడు లేకుండా రెండుగా విడిపోయింది. దూలం ఆనిన చోట మట్టి జారసాగింది. నేను లేచేలోగా సారు కూడా చూశారు.

“స్టాండ్ అప్. గో అవుట్,” అన్నారు, చేయి తలుపు వైపు చాపి.

పిల్లలు కూర్చున్నచోటు నుంచే చేతులు తలుపు వైపు చాపి, ఒక్క గొంతుతో “స్టాండ్ అప్. గో అవుట్” అన్నారు.

అంబదాస్ సారు మెప్పుగా తల ఊపారు. కైలాసం సారు గొంతు పెంచారు. పిల్లలూ పెంచారు. శంకరవ్వ గొంతు అన్నిటికంటే పైన.

సారు మళ్లీ నోరు తెరిచారు.

“లేవుండ్రి బిడ్డా. ఉరుకుండ్రి. గోడ కూలుతుంది.”

బెంచీలు దొర్లాయి. పిల్లలూ పంతుళ్లూ ఒకరినొకరు తోసుకుంటూ బయటపడ్డారు. గోడ పక్కనున్న శంకరవ్వ అందరికంటే వెనక. గడప మీద ఉండగానే గోడ కూలింది. సారూ నేనూ ఇటుకలు తీసి ఆమెను బయటికి లాగాం. ప్రాణం దక్కింది. కాలు మాత్రం అవిటిదైంది.

దవాఖానలో మొండయ్య నేల చూస్తూ మెల్లగా అన్నాడు: “సారూ, బాయిల సైరను మోగితె మేం దాన్తోటి పాడం. ఉరుకుతం.”



కైలాసం సారు ఇంగ్లీషు చెప్పడం మానలేదు. కానీ ప్రతి ఏడూ మొదటి పాఠంలో పిల్లలు నోరు మూసుకునే ఉండాలి. లేవమంటే లేవాలి, పొమ్మంటే పోవాలి, అంతే. ఇది పద్ధతి కాదని పంతుళ్ల సభలో కొందరు గొణిగారు. అంబదాస్ సారు మాత్రం “నా బడిల గూడ గట్లనే నేర్పుతున్న” అన్నారు.

మొన్న నా బిడ్డ ఇంగ్లీషు వినిపిద్దామనే సారు ఇంటికి పోయాను. ఆయన స్టవ్ మీద చాయ పెడుతున్నారు. పిల్ల అటు నడిచింది. నేను అలవాటుగా ఇంగ్లీషులో వద్దన్నాను. పిల్ల అదే మాట అంటూ నడిచింది. సారు ఆమెను ఎత్తి దూరంగా దింపారు. చాయ పొంగి స్టవ్ మీద పడుతున్నా చూడలేదు. చివరికి ఆయన అన్న మాటనే ఇప్పుడు ఇంట్లో పాటిస్తున్నాను:

“తమ్మీ, ఇంగ్లీషు నేర్పు, వద్దనను. గని నిప్పుకాడ, నీళ్లకాడ మీ అవ్వ నిన్ను ఎట్ల పిలిచిందో గట్లనే పిలువు. పిల్ల నోరు సూసి మురవకు. కాళ్లు ఆగినయా లేదా, గది సూడు.”