ఒడికి పోయి వచ్చే చెయ్యి

ఈ సంగతి జరిగిన ఏడు నాకు రాయడం రాదు. అందుకే ఇన్నాళ్లు రాయలేదు, వేరే కారణం ఏమీ లేదు. ఇప్పుడు అక్షరాలు వచ్చి రెండేళ్లయింది. మొదటి ఏడాది నా పేరుకు, ఊరి పేరుకు, బస్సు బోర్డులకు సరిపోయింది. ఒత్తులు నన్ను చాలా ఏడిపించాయి. నేర్పింది మా పక్కింటి వదిన కోడలు. సాయంత్రాలు వాళ్ల మగ్గం పక్కన పలక పెట్టుకుని కూర్చునేవాళ్లం. మొట్టమొదట ఏం రాస్తావత్తా అని ఆ అమ్మాయి అడిగితే, కోలాటం గురించి అన్నాను. ఆమె కాపురానికి వచ్చేసరికే నేను బాగా ఆడుతున్నాను. నాకు ఒకప్పుడు కోల ఆడించడం వచ్చేది కాదంటే నమ్మలేదు.

మాది ఎమ్మిగనూరు. మా వీధిలో సగం ఇళ్లలో మగ్గాలున్నాయి, మాది మాత్రం కూలి ఇల్లు. పదేళ్ల వయసులో మా అమ్మ నా నడుముకు ఒడి కట్టి పత్తి చేలోకి దింపింది. ఒడి అంటే పాత చీర ముక్కతో కట్టుకునే సంచి. కాయలో నుంచి పత్తిని లాగడం, ఒడిలో వేయడం, మళ్లీ లాగడం. రెండు చేతులూ ఆ పనే. నలభై ఏళ్లు అదే చేశాను.

వదినకూ నాకూ రక్తసంబంధం లేదు. గోడ పక్కన గోడ కాబట్టి వరస కలుపుకున్నాం. ఆమె మగ్గం నేస్తుంది. మా వీధి ఆడవాళ్లు పదహారు మంది కోలాటం నేర్చుకోవాలనుకున్నప్పుడు నన్ను లాక్కుపోయింది ఆమే. ఇద్దరం ఒక జత. ఆదోని నుంచి ఒక గురువు పదిహేను రోజులకొకసారి వచ్చి కొత్త కోపు నేర్పి పోయేవాడు. కోపు అంటే ఒక రకం అడుగులు, దెబ్బలు. పాత కోపులు నిదానంగా ఉండేవి కాబట్టి నేను ఎలాగో నెట్టుకొచ్చాను. ఆ ఏడు కార్తీకంలో మంత్రాలయంలో ఆడమని మా జట్టుకు పిలుపు వచ్చింది. దానికోసం గురువు వడి కోపు నేర్పాడు. అక్కడ దొరికిపోయాను.

కోలాటంలో నా కోల ఎదుటామె కోలను గాలిలో కలుసుకోవాలి. నాది ఎప్పుడూ సగం దెబ్బ వెనక. నేను కొట్టేసరికి వదిన కోల దిగిపోయి, ఆమె వేళ్లు అక్కడ ఉండేవి. రెండుసార్లు చిన్నగా తగిలింది. మూడోసారి కుడిచేతి చూపుడువేలు మీద గట్టిగా పడింది. వేలు వంకాయలాగా వాచింది. మగ్గం మీద తెగిన పోగును ఆ వేలితోనే అతకాలి. మూడు రోజులు ఆమె మగ్గం ఆడలేదు. గోడ అవతల ఆ చప్పుడు లేకపోతే ఇల్లు ఇల్లుగా అనిపించలేదు. నేను ఆ మూడు రోజులూ వాళ్లింటికి కూర తీసుకుపోయాను. వదిన కూర తీసుకుంది, నా ముఖం చూసి మాట్లాడలేదు.

నాలుగో రోజు జట్టంతా కూర్చున్నాం. మా జట్టుకు పెద్ద అంగన్‌వాడీ ఆయా. మెత్తని మనిషి. ఆమె మాటను అటూ ఇటూ తిప్పి, నేను హారతి పళ్లెం పట్టుకుంటే బాగుంటుందని, నా స్థానంలో ఇంకొకామె ఉందని చెప్పింది. పళ్లెం పట్టుకోవడం గౌరవమేనని అందరూ అన్నారు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకున్నాను. నా బతుకులో పొట్టకు సంబంధం లేని పని నేను చేసింది ఆ కోలాటం ఒక్కటే. అది పోతే మళ్లీ చేను, ఇల్లు.

అప్పుడు వదిన వాచిన వేలు ఎత్తి చూపించి మాట్లాడింది.

"దెబ్బ తిన్నిది నేను. ఈమె ఉండాల్నా పోవాల్నా నేను సెప్తా. పది దినాలు సూద్దాం. అప్పటికీ నా ఏలు మీద్నే పడితే, నేనే సెప్తా, పళ్లెం పట్టుకో పో అని."

నా వైపు తిరిగి, "గురువు దగ్గరికి పో. ఒక్కదానివే పో. అందరిలో ఉంటే నీకు సిగ్గు" అంది.

మరుసటి రోజు నుంచి పొద్దున పత్తి తీసి, మధ్యాహ్నం బస్సుకు ఆదోని పోవడం మొదలుపెట్టాను. బోర్డు చదవడం రాదు కాబట్టి ప్రతిసారీ ఎవరినో ఒకరిని అడగాలి. ఒకసారి వేరే ఊరి బస్సెక్కి కూర్చుంటే, కండక్టరు ఊరి బయట దింపాడు. మమ్మల్ని చేను నుంచి తెచ్చే ఆటో అతను రోజూ నా చేతిలో కోలలు చూసి ఒకరోజు ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

"పిల్లోళ్లకు ట్యూషన్ సూసినాం గానీ అక్కా, కోలాటానికి ట్యూషన్ ఈడే సూస్తాండా" అన్నాడు. ఆటోలో ఉన్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. వేరే ఏం చేయాలి?

గురువు ఇల్లు ఆదోని పత్తి మార్కెట్టు వెనక వీధిలో. ఆయన మార్కెట్టులో బేళ్లు మోసి, వయసు మీద పడ్డాక మానేశాడు. పెరట్లో ఒక వేపచెట్టు, దాని కింద నేల గచ్చులాగా గట్టిపడి ఉంటుంది. నలభై ఏళ్లుగా అక్కడ కాళ్లు ఆడాయి. నన్ను చూసి ఎందుకొచ్చావని అడగలేదు. బొరుగుల ఉగ్గాని పెట్టించి, తిన్నాక కోలలు అందుకోమన్నాడు.

మొదటి రోజు కోలలు మార్చాడు. నావి పొడుగన్నాడు, పొట్టివి ఇచ్చాడు. తేడా రాలేదు. రెండో రోజు అడుగులు చూశాడు. చెప్పులు విప్పించి, తాళం వేస్తూ నా కాళ్లనే చూశాడు. కాళ్లలో తప్పు లేదన్నాడు. మూడో రోజు వేపచెట్టు మొదలును కొట్టమన్నాడు. చెట్టు కదలదు కాబట్టి నేను ఎప్పుడు కొట్టినా తగిలింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తాళం ఇంటాండావు. కాళ్లు బాగున్నాయి. మొదటి దెబ్బ కరెక్టుగా ఏస్తావు. రెండోదానికి నీ చెయ్యి యాడికో పోయి వస్తాంది తల్లీ. యాడికి పోతాందో నాకు అంతు సిక్కలేదు."

నాకూ చిక్కలేదు. బస్సులో ఎమ్మిగనూరు దాకా చేతిని చూసుకుంటూ కూర్చున్నాను. నా చెయ్యి నా ఒంటి మీదే ఉంది కదా, నాకు తెలియకుండా ఎక్కడికి పోతుంది?

ఐదో రోజు చేలో ఆలస్యమైంది. ఒడి విప్పకుండానే, మీద చెంగు కప్పుకుని బస్సెక్కాను. గురువు టీ తాగడానికి పోయాడని ఇంట్లో చెప్పారు. ఆయన ఇంటి ముందు రోడ్డు మీదే మార్కెట్టుకు పత్తి లారీలు పోతాయి. పక్కన కంపచెట్లున్నాయి. లారీల నుంచి జారిన పత్తి ఆ ముళ్లకు చిక్కుకుని, కంప అంతా పూసినట్టు ఉంటుంది. ఊరికే నిలబడలేక తీస్తూ పోయాను. అది ఎవరికీ పనికిరాని పత్తి, దుమ్ము. అయినా చేతికి కనబడితే ఆగదు.

ఎంతసేపు తీశానో తెలియదు. వెనక్కి తిరిగితే గురువు వీధి మధ్యలో నిలబడి ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు. తాగడం మర్చిపోయి నన్నే చూస్తున్నాడు.

"మళ్లా తియ్యి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. దొంగతనం చేశాననుకున్నాడేమోనని భయమేసింది. ఇది ముళ్లకు పట్టిందని చెప్పాను.

"తియ్యి తల్లీ, సూడనీ."

తీశాను. చెయ్యి కంపకు పోయింది, పత్తి లాగింది, నడుము దగ్గర ఒడికి వచ్చింది, మళ్లీ కంపకు పోయింది. ఆయన పెద్దగా నవ్వాడు. రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూశారు.

"దొరికింది. నీ చెయ్యి యాడికి పోయి వస్తాందో దొరికింది. కోల కొట్టినాక అది ఒడికి పోతాంది. ఏం ఏసేదానికి పోతాందమ్మా? ఆడ పత్తి యాడుంది?"

పెరట్లోకి పోయి కోల ఆడించి చూసుకున్నాను. నిజమే. ప్రతి దెబ్బ తరువాత నా చెయ్యి నడుము దాకా దిగి, వేళ్లు కొంచెం విప్పుకుని, మళ్లీ పైకి లేస్తోంది. ఒడి కట్టుకోని రోజు కూడా అంతే. నలభై ఏళ్లు నేర్పింది అది ఎలా మరిచిపోతుంది?

దాన్ని ఎలా మాన్పించాలా అని నేను అడిగాను. ఆయన మాన్పించాలనుకోలేదు. మాన్పిస్తే రేపు చేలో కూలి పోతుందన్నాడు. నా ఒడి విప్పమన్నాడు. దాన్ని వేపకొమ్మకు, నా భుజం కంటే జానెడు పైన, ఎదురుగా కట్టాడు. కంప మీద తీసిన పత్తిని చిన్న చిన్న ఉండలు చేసి నా ఎడమ చేతిలో పెట్టాడు. తాళం వేస్తాను, దెబ్బకొక ఉండ ఒడిలో పడాలి అన్నాడు.

"ఒడి నీ నడుముకు లేదు. నీ జతామె సేతి కాడ ఉంది. ఆడికే పో."

మొదట ఉండలన్నీ నేల మీద పడ్డాయి. ఆయన భార్య కిటికీలో నుంచి చూసి, కోలాటం నేర్పుతున్నావా, పత్తి విత్తనాలు చల్లుతున్నావా అని ఎగతాళి చేసింది. చీకటి పడే ముందు పదింటిలో నాలుగు పడ్డాయి. తరువాతి రోజు ఏడు. ఆ తరువాత ఆయన ఉండలు తీసేసి కోల ఇచ్చాడు. కోల ఒడిని తాకి రావాలన్నాడు. తాకింది. చెయ్యి ఎప్పటిలాగే ఒడికి పోతోంది, ఒడి ఉండే చోటు మారింది, అంతే. ఒడి అక్కడే ఉంది కాబట్టి చేలో పాత తువ్వాలు కట్టుకుని సరిపెట్టుకున్నాను. ఆ తొమ్మిది రోజులకు ఆయన నా దగ్గర పచ్చి శెనక్కాయలు తప్ప ఇంకేమీ తీసుకోలేదు.

పదో రోజు వదిన నాతో బస్సెక్కింది. మాట ఇచ్చిన ప్రకారం చూడడానికి వస్తోంది. వేపచెట్టు కింద నిలబడి, చూపుడువేలికి గుడ్డ చుట్టుకుంది. అది చూడగానే నా చెమట కోల మీదికి దిగింది. గురువు నిదానంగా మొదలుపెట్టి, వడి కోపులోకి పోయాడు. వదిన భుజం మీదుగా కొమ్మకు కట్టిన నా ఒడి నాకు కనబడుతూనే ఉంది. దాన్నే చూస్తూ కొట్టాను. కోలలు కలిశాయి. మళ్లీ కలిశాయి. మూడో పాట మధ్యలో గురువు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, వదిన తన వేలి గుడ్డ విప్పి, బొడ్డులో దోపుకుంది. మళ్లీ కోల ఎత్తింది.

బస్టాండులో అంది. "ఎల్లుండి మంత్రాలయానికి తొలి బస్సు. ఆలీసం సేస్తివంటే ఇడ్సిపెట్టి పోతా."

మంత్రాలయంలో పొద్దున పూట ఆడాం. జనం, ఎండ, కన్నడంలోనూ తెలుగులోనూ కేకలు. అక్కడ వేపకొమ్మ లేదు, ఒడి లేదు. వదిన చేతినే ఒడి అనుకుని ఆడాను. చివరి కోపులో ఒక్కసారి నా చెయ్యి పాత దారి పట్టింది, నడుము దాకా దిగింది. పైకి తెచ్చేసరికి ఆలస్యమైంది. కానీ వదిన కోల ఇంకా అక్కడే ఉంది. దిగిపోలేదు. సగం దెబ్బ నా కోసం ఆగింది. ఆమె ఆగిందని ఎవరూ కనిపెట్టలేదు, పక్కన తాళం వేస్తున్న గురువు తప్ప. ఆ సంగతి నేను వదినను ఎన్నడూ అడగలేదు. అడిగితే ఆమె ఒప్పుకోదు.

ఆట అయ్యాక గురువు కాళ్లకు దండం పెట్టి, నా ఒడి వేపచెట్టుకే ఉండిపోయిందని, వచ్చి తీసుకుంటానని చెప్పాను.

"ఉండనీలే" అన్నాడు. "ఇంగో పత్తి చెయ్యి రాకపోదు."

మరుసటి రోజు తెల్లవారి వదిన ఇంటికి పోయి, ఆమె మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టి పెట్టాను. ఆ మూడు రోజుల పని వెనకబడే ఉంది. గంప నిండాక ఆమె లేచి, పెట్టెలో నుంచి తను నేసిన గుడ్డ ముక్క ఒకటి తీసి నా మీదికి విసిరింది. అంచులు మడిచి కొత్త ఒడి కుట్టుకున్నాను. నడుముకు కట్టుకుని చేనుకు పోయాను.