క్షమాపణల పందెం

నిజమైన క్రైస్తవులు ఎవరు అన్న ప్రశ్నకు రామచంద్రపురం గ్రంథాలయంలో ఒక బీరువా నిండా జవాబులున్నాయి. వాటిలో చాలావరకు నేను చదివాను. నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది, ఆ తర్వాత నాకు కాలేజీ అంతా ఆ గ్రంథాలయమే. పొద్దున్నంతా జాకెట్లు కుట్టడం, భోజనం కాగానే స్కూటీ మీద వెళ్లి ఫ్యాను కింద కుర్చీ పట్టడం. సంఘ చరిత్రలు, ఎడారి గుహల్లో ఏళ్ల తరబడి ప్రార్థన చేసిన సన్యాసుల జీవితాలు, అన్నీ అక్కడే చదివాను. ఆ సన్యాసులు ఎండకు ఓర్చారు, ఆకలికి ఓర్చారు, సింహాలకు కూడా ఓర్చారట. కానీ వాళ్లలో ఒక్కరికీ తోడికోడలు లేదు. అందుకే వాళ్ల జవాబులు మా ఇంటికి అంతగా సరిపోలేదు.

మాది ఒకే కప్పు కింద రెండు వాటాలు. ఒక వాటాలో అమ్మా నేనూ ఉంటాం. నాన్న పోయి చాలా ఏళ్లయింది. రెండో వాటాలో పెదనాన్న, పెద్దమ్మ ఉంటారు. పెరడు ఒకటే, కుళాయి ఒకటే, బట్టలారేసే దండెం కూడా ఒకటే. ఇన్ని ఒకటైనచోట మాట ఒకటి కాకపోవడంలో వింత లేదు.

మా చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. పాస్టరు అయ్యగారి చేతిమీదుగా రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలంటే మనసులో ఎవరిమీదా కోపం ఉండకూడదు. ఎవరితోనైనా మాటల్లేకపోతే ముందే వెళ్లి సమాధానపడాలి. పడనివాళ్లు ముందుకు వెళ్లకుండా వెనక కూర్చోవాలి. ఎవరు కూర్చున్నారో సంఘమంతా అక్కడే చూస్తుంది, ఎందుకు కూర్చున్నారో సాయంత్రానికల్లా తెలుసుకుంటుంది.

అందుకని మా ఇంట్లో ప్రతి నెలా బల్లకు ముందు శనివారం సమాధానం జరిగేది. ఎవరు ముందు పలకరించాలన్న పట్టింపు ఉండేది కాదు. అమ్మా పెద్దమ్మా అరుగు మీద కూర్చుని టీ తాగేవారు. మనసులో ఏమీ పెట్టుకోవద్దని ఒకరు, నాకేముంది పెట్టుకోవడానికని ఇంకొకరు అనుకునేవారు. సోమవారం బట్టలుతికే వేళకు మళ్లీ మామూలే.

ఇలా సాఫీగా సాగుతున్నదాంట్లో నేను చదువు కలిపాను. అన్ని పుస్తకాలూ చదివాక నాకు తేలిన సంగతి ఒక శుక్రవారం అమ్మకు చెప్పాను. తప్పు ఎవరిదన్నది కాదు ముఖ్యం, ముందుగా వెళ్లి క్షమించమని అడిగినవాళ్లే నిజమైన క్రైస్తవులు అన్నాను. అమ్మ వంకాయలు తరుగుతోంది.

"తప్పు మనది కాకపోయినానా?" అంది.

"కాకపోతే మరీ గొప్ప."

అమ్మ వంకాయలు నీళ్లలో పడేసి లేచింది. పక్క వాటా గుమ్మంలో నిలబడి, "అక్కా, నన్ను క్షమించు" అనేసి, వెనక్కి వచ్చి మిగతా వంకాయలు తరిగింది. కూర అయ్యేదాకా స్తుతి పాటలు పాడుతూనే ఉంది, అదీ పక్క వాటాకు వినపడేంత గట్టిగా.

మర్నాడు పెద్దమ్మ నా కుట్టుమిషను దగ్గరకొచ్చింది. "ఏంటే మీ అమ్మ? దేనికో చెప్పకుండా క్షమించమని అడిగేసి పోయింది. ఇప్పుడు తను దేవత, నేను రాక్షసి, అంతేనా?"

గ్రంథాలయంలో సంపాదించిన జ్ఞానం ఒక వాటాకే దాచుకోవడం ధర్మం కాదు. అమ్మకు చెప్పిందే పెద్దమ్మకూ చెప్పాను. పై నెల పెద్దమ్మ బుధవారమే వచ్చి మా గుమ్మంలో నిలబడి క్షమాపణ అడిగింది. అమ్మ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఆ తర్వాతి నెల అమ్మ ఇంకా ముందుకు జరిగింది. బల్ల అయిన మర్నాడు సోమవారమే వెళ్లి, ఈ నెలంతా జరగబోయేవాటికి కూడా కలిపి క్షమించమని అడిగేసింది.

పెదనాన్న రావులపాలెం మార్కెట్టులో అరటిగెలలు ఎగుమతి చేయిస్తాడు. ఈ సంగతి విని, గెల వేయకముందే తోట బేరమాడేసినట్టుంది మీ భక్తి అన్నాడు. నేను మాత్రం మురిసిపోయాను. చదువు జనానికి పనికొస్తుందంటే ఇదే కదా అనుకున్నాను. ఓడిపోయిన నెలలో పెద్దమ్మ గిన్నెలు ఎంత చప్పుడు చేస్తోందో నేను పట్టించుకోలేదు.

అంతలో అయ్యగారు రిటైరవుతున్నారని చర్చిలో చెప్పారు. వచ్చే బల్ల ఆయన చేతిమీదుగా ఆఖరిది. అమ్మ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. నాన్న పోయినప్పుడు ఆ అయ్యగారు చాలా సాయంత్రాలు మా అరుగు మీదకొచ్చి కూర్చునేవారు. వాక్యం చెప్పేవారు కాదు, ఓదార్చేవారు కాదు, ఊరికే కూర్చుని టీ తాగి వెళ్లేవారు. ఆయన అలా కూర్చోబట్టే తను మళ్లీ లేచానని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ చేతిమీదుగా ఆఖరిసారి రొట్టె తీసుకోవాలని అమ్మకు ఉన్న కోరిక అంతా ఇంతా కాదు. బల్లకు కట్టుకునే తెల్ల చీర ఉతికి, గంజి పెట్టి, దండెం మీద ఆరేసింది.

మధ్యాహ్నం వెళ్లి చూస్తే చీర మీద పెదనాన్న కొత్త ఎర్ర తువ్వాలు, తడితడిగా. రంగంతా చీరకు అంటుకుపోయింది. అదీ ఏ కుచ్చిళ్లలోనో కాదు, సరిగ్గా తల మీద కప్పుకునే పైట దగ్గర. గాలికి పడి ఉంటుందని పెద్దమ్మ అంది. ఆ రోజు కొబ్బరాకు కూడా కదలలేదు.

ఇక ఇద్దరూ పోటీపడి గుమ్మాలెక్కుతారని నేను ఎదురుచూశాను. ఎవరూ ఎక్కలేదు. వారం గడిచింది, శనివారం టీ వేళ కూడా దాటింది. అమ్మను కూర్చోబెట్టి, నిజమైన క్రైస్తవులైతే ఇప్పుడే కదా ముందు వెళ్లాలి అన్నాను.

"ఏమీ లేనప్పుడు అడగడానికి ఏం పోయిందే? నోటి మాటే కదా" అంది అమ్మ. "ఇప్పుడు నాకు నిజంగా కోపంగా ఉంది. లోపల ఇది పెట్టుకుని పైకి ఆ మాట అని, ఆయన చేతిలోది ఎలా పుచ్చుకోను?"

అయితే ఆఖరి బల్ల పోతుంది కదా అన్నాను. పోతే పోతుంది, వెనక కూర్చుంటాను అంది. అంటూనే అవతలికి తిరిగి కళ్లు తుడుచుకుంది. నేను చదివిన పుస్తకాలన్నీ గుర్తు చేసుకున్నాను. శత్రువుల గురించి అన్నిట్లోనూ ఉంది. దండెం గురించి దేంట్లోనూ లేదు.

ఆదివారం అమ్మ ఆ గులాబీ మరకల చీరే కట్టుకుని వచ్చింది. పాటలయ్యాయి, ప్రసంగమయింది. అయ్యగారు బల్ల మీది తెల్లగుడ్డ తీసి, సమాధానపడినవాళ్లు రావచ్చునన్నారు. ఆడవాళ్ల వైపు తివాచీ మీద నుంచి ఒక్కొక్కరే తలమీద ముసుగు సర్దుకుంటూ లేచారు. అమ్మ లేవలేదు. అమ్మ పక్కన నేనూ లేవలేదు. అందరూ లేచాక చూస్తే అదే వరసలో అవతలి చివర పెద్దమ్మ కూడా కూర్చునే ఉంది.

మధ్యలో ఖాళీ తివాచీ. పెద్దమ్మ కూర్చున్నది కూర్చున్నట్టే జరుగుతూ జరుగుతూ అమ్మ పక్కకొచ్చింది.

"నువ్వు వెళ్లవే," అంది, గొంతు తగ్గించి. "నేను కూర్చుంటాలే."

"గాలికి పడిందిగా, నువ్వెందుకు కూర్చోవడం?" అంది అమ్మ, ముందుకే చూస్తూ.

పెద్దమ్మ అమ్మ పైట మీది మరక వైపు చూసింది. తర్వాత, "గాలి లేదు. నేనే వేశాను" అంది. "సోమవారం నాడే వచ్చి నెలంతటికీ కలిపి అడిగేశావు. ఇక నాకేం మిగిల్చావే? ఒళ్లు మండిపోయింది."

అమ్మ అప్పుడు ఆమె మొహంలోకి చూసింది. కోప్పడుతుందేమోనని నాకు భయమేసింది. అమ్మ ముసుగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను, కాదు, నవ్వుతోంది.

"మొన్న నువ్వు డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టావు చూడు," అంది, నవ్వు ఆపుకుంటూ. "కాకులొచ్చాయి. నేను చూస్తూ కూర్చున్నాను."

"తోలలేదా?"

"లేదక్కా. ఇంకో నాలుగు కాకులొస్తే బాగుండుననుకున్నాను."

పెద్దమ్మ కూడా ముసుగు నోటికి అడ్డం పెట్టుకుంది. రొట్టె తీసుకొచ్చి ముందు వరసలో కూర్చున్న ఒకావిడ వెనక్కి తిరిగి చూసి, ఆఖరి బల్ల అని వెనకవాళ్లు ఏడుస్తున్నారనుకుని తనూ కళ్లొత్తుకుంది.

అందరూ తీసుకోవడం అయిపోయింది. అయ్యగారు గిన్నె మూయలేదు. మా వైపే చూస్తూ నిలబడ్డారు. అమ్మ లేచి పెద్దమ్మకు చెయ్యిచ్చింది, మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుని లేచింది. బల్ల దగ్గరకు వెళ్లాక మళ్లీ చిక్కొచ్చింది. నువ్వు ముందంటే నువ్వు ముందని ఇద్దరూ మోకరించకుండా నిలబడ్డారు. నా చదువు అక్కడ కూడా వాళ్లను వదల్లేదు.

"ఇద్దరూ ఒకసారే మోకరించండమ్మా," అన్నారు అయ్యగారు నెమ్మదిగా. "ఇవాళ నాకేం తొందర లేదు."

మోకరించారు. ఆయన రొట్టె ఇస్తుంటే అమ్మ రెండు చేతులూ పట్టింది. వాళ్ల వెనకే వెళ్లి మోకరించిన నాకు అమ్మ మొహం కనపడలేదు, పైట మీది గులాబీ మరక మాత్రం కనపడింది.

తిరిగి వచ్చేటప్పుడు కాలువగట్టు మీద ముగ్గురం నడిచాం. అమ్మా పెద్దమ్మా పక్కపక్కనే అడుగులేశారు. మనసు నిండిపోయి ఉంటుందని నేను అనుకుంటున్నాను. వంతెన దగ్గరకు వచ్చేసరికి పెద్దమ్మ ఆగింది.

"అయితే ఆ కాకులు ఎన్ని వడియాలు తిన్నాయే?"

"నేను లెక్కపెట్టానా ఏంటక్కా?"

"గంటసేపు చూస్తూ కూర్చున్నదానివి, లెక్కపెట్టకుండా ఉంటావా?"

"గంటెక్కడ? నీ వడియాలకు కాకులు అంతసేపు ఉంటాయా? ఉప్పు చాలక వాటంతట అవే లేచిపోయాయి."

పెద్దమ్మ ముసుగు తీసి నడుముకు దోపింది. నేను నాలుగడుగులు ముందుకేసి నడిచాను. కొత్త అయ్యగారు పై వారం వస్తారట. వచ్చీరాగానే ఆయనకు మా ఇంట్లోనే పని దొరుకుతుంది.