ఆఠీను ఏడు

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. జూజువాడి అంజినప్ప నోరు ఒకసారి జారింది, అదీ కొత్త కోడలి ముందర. ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి ఆయన ఏకంగా ఒక పేకాటనే కనిపెట్టాడు.

అంజినప్ప హోసూరులో ఒక చిన్న వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. సూపర్‌వైజరుది తమిళం, పక్క మిషనాయనది కన్నడం, ఈయనది తెలుగు. చేసిన పీసుల్ని ముగ్గురూ మూడు భాషల్లో లెక్కపెట్టేవాళ్ళు. అన్నం తిన్నాక ఆ ముగ్గురే పేక ముక్కలు పంచుకునేవాళ్ళు. పని మానేసిన రోజు ఆయన ఇంటికి తెచ్చుకున్నవి ఒక శాలువా, మూలలు నలిగిన ఆ పేక కట్ట. ఎగతాళి నోరు మాత్రం పుట్టుకతో వచ్చిందే.

కోడలు చిత్రది ఊత్తంగరై పక్కన పల్లె. ఇంట్లో తమిళం తప్ప వేరే మాట వినకుండా పెరిగిన పిల్ల. వచ్చిన నెలకే తెలుగు నేర్చుకోవాలని అంకెలతో మొదలుపెట్టింది. ఒకరోజు పొద్దున ఇంటినిండా చుట్టాలు. హోసూరు పోవాల్సిన మామ కబుర్లలో పడి ఏడు గంటల బస్సు మరిచిపోయాడు. గుర్తుచేద్దామని చిత్ర వాకిట్లోకొచ్చి, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని గట్టిగా చెప్పింది.

"మామా, ఏడు!"

"పొద్దున్నే ఎందుకమ్మా ఏడ్చేది? ఇంకా టిఫినన్నా తిన్లేదే!" అన్నాడు అంజినప్ప.

చుట్టాలు పడీపడీ నవ్వారు. చిత్ర తల దించుకుని లోపలికి పోయింది. ఆ పూట నుంచి ఆమె నోట తెలుగు మాట రాలేదు. ఏమడిగినా తమిళంలోనే "సరి మామా", కాదంటే "ఇల్లె మామా". అంతే. రెండు నెలలు ఇదే వరస.

"పలకరించే పిల్ల నోరు కట్టేసినావు కదప్పా! పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం," అని భార్య మునివెంకటమ్మ రోజూ దెప్పేది. అది నిజమేనని ఆయనకూ తెలుసు. ఇంట్లో ఆ పిల్ల గొంతు వినబడకపోతే అన్నం కూడా సయించడం లేదు. కానీ కోడలి ముందు తప్పయిందని చెప్పడానికి పెద్దరికం అడ్డొచ్చింది. మళ్ళీ ఆ పిల్ల మాట్లాడితే చాలు, ఇంకేమీ వద్దనుకున్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, బెంగళూరులో పనిచేసే కొడుకు ఉదయ్ కుమార్ ఇంట్లో ఉండగా, అంజినప్ప చాప పరిచి అందరినీ కూర్చోబెట్టాడు.

"ముక్కలన్నీ నలుగురికీ పంచేస్తా. వంతు ప్రకారం ఒక్కో ముక్క వేసి దాని అంకె చెప్పాల. ఆఠీనుకు తెలుగు, ఇస్పేటుకు తమిళం, కళావరుకు కన్నడం, డైమనుకు ఇంగ్లీషు. నోరు జారితే కింద కుప్పంతా తీసుకోవాల. చెయ్యి ముందు ఖాళీ అయినోళ్ళు గెలిచినట్టు."

"ఇది యాడ ఆట నాయనా? ఎవురు నేర్పినారు?" అన్నాడు ఉదయ్.

"ముందు విను. రాజు, రాణి, జాకీ పడితే నోరు మూసుకోవాల. ఆరు మూడు భాషల్లోనూ ఆరే కదా, అందుకని ఆరు వేసినోళ్ళు ఇంకో ముక్క వేయొచ్చు. డైమను ఆరుకు లేదు, అది సిక్సు. కళావరు ఏడు పడితే అందరూ లేచి నిలబడాల. కన్నడంలో ఏళు అంటే లెయ్యమని కూడా కదా! ఆఖర్న లేచినోళ్ళకు కుప్ప."

"మరి ఆఠీను ఏడుకు?"

అంజినప్ప గొంతు సవరించుకున్నాడు. కోడలి వైపు చూడలేదు. "అది వేసినోళ్ళు ఎవురిని పిలిస్తే వాళ్ళు ఏడవాల. నవ్వినారంటే కుప్ప వాళ్ళదే."

చిత్ర తలెత్తి మామను చూసింది.

ఆట మొదలైంది. కళావరు పదికి మునివెంకటమ్మ హత్తు అనకుండా పది అనేసింది. ఇస్పేటు తొమ్మిదికి ఉదయ్ నైన్ అన్నాడు. ముప్పై ఏళ్ళు మూడు భాషల్లో లెక్కపెట్టిన మొనగాడు ఇస్పేటు మూడుకు కన్నడంలో మూరు అని కుప్ప నెత్తికెత్తుకున్నాడు. చిత్ర ఇస్పేటు రెండు వేసి "రెండు" అనగానే, అది తెలుగని ఉదయ్ ఎగిరాడు.

"ఎంగ ఊర్ల రెండుదాన్!" అని చిత్ర ఒంటికాలి మీద లేచింది. వాళ్ళ ఊళ్ళోనూ రెండేనట. ఆమె గొంతు అంత గట్టిగా విని రెండు నెలలైంది. అంజినప్ప తీర్పు కోడలి పక్షమే చెప్పాడు.

చివరికి చిత్ర చేతిలో ఒక్క ముక్క మిగిలింది. దాన్ని రెండుసార్లు చూసుకుంది. చాప మీద పెట్టి మామ మొహంలోకి సూటిగా చూసింది.

"మామా, ఏడు!"

ఎవరూ నవ్వలేదు. అంజినప్ప భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని దొంగ ఏడుపు అందుకున్నాడు. నాలుగు ఊళలు వేసేసరికి నిజం ఏడుపే వచ్చేసింది.

"ఆ పొద్దు తప్పు చేసినానమ్మా," అన్నాడు తువ్వాలు చాటునుంచే.

చిత్ర ముందుకు వంగి తువ్వాలు లాగేసింది. రెండు నెలలుగా విని దాచుకున్న తెలుగంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"మామ నవ్వినారు! నేను చూసినాను! కుప్ప తీసుకోండి మామా!"

"యాడ నవ్వినానమ్మా? కండ్లు చూడు, ఎట్లా కారతా ఉండాయో!"

"కండ్లు ఏడస్తా ఉండాయి. నోరు నవ్వతా ఉంది. నోరే కదా లెక్క?"

అంజినప్ప కుప్పంతా తీసుకున్నాడు.