కొత్త బియ్యం అడిగిన ఓడ

ఈ ఉదయం కుక్కర్ మూత తీయగానే వంటింట్లోంచి హాల్లోకి ఒక వాసన వచ్చింది. పచ్చి పాల తీపి కలిసిన అన్నం వాసన. దాని వెనకే మా ఆవిడ విసుగు కూడా వచ్చింది. "ఏటండీ ఈ బియ్యం? అంతా ముద్దయిపోనాది. పాతవని సెప్పి కొత్తవి అంటగట్టీసినాడు. బస్తా ఎనక్కి పంపీయండి." పేపరు పక్కన పడేసి లేచాను. మధురవాడలో ఈ ఫ్లాటు కోసం ఊళ్లో ఉన్న ఒక్క ఎకరం అమ్మేసి రెండేళ్లయింది. అప్పటి నుంచి మా ఇంట్లో బియ్యమంటే ఫోనులో ఆర్డరిస్తే లిఫ్టులో వచ్చే సరుకే. ఆ ఆవిరి ముఖానికి తగలగానే పొలం గుర్తు రావాలి. నాకు మాత్రం ఓ ఓడ గుర్తొచ్చింది. ఓడతో పాటు రమణమ్మ గారు.

పోర్టుకు వచ్చే ఓడలకు బియ్యం, కూరగాయలు, గుడ్లు, సబ్బుల దాకా అందించే వ్యాపారం ఆవిడది. భర్త మొదలుపెట్టారు. ఆయన పోయాక వన్‌టౌన్‌లోని ఆ గోడౌనును ఆవిడే నడిపారు. అరవై దాటిన మనిషి, కళ్లజోడు ఒక పక్క దారంతో కట్టి ఉండేది. నేను ఇరవయ్యారేళ్ల వయసులో అక్కడ సప్లై క్లర్కుగా చేరాను. డిగ్రీ ఉందన్న పొగరు, ఇంగ్లీషు వచ్చన్న పొగరు, రెండూ నాలో అవసరానికి మించే ఉండేవి. మొదటి రోజే ఆవిడ నన్ను బియ్యం బస్తాల దగ్గరికి తీసుకెళ్లి, ఒకదాంట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టించారు. "పాతవో కొత్తవో కంటితో కాదు బాబూ, సేత్తో సూడాల. కొత్తవైతే అరసేతిని ఒగ్గవు, అంటుకునుంటాయి." నాకు నవ్వొచ్చింది. ఆ చేత్తో చూడ్డం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది.

ఆవిడకో అలవాటుండేది. ఏ దేశపు నావికుడు గోడౌనుకు వచ్చినా కుర్చీ వేసి, టీ ఇచ్చి, నా వైపు తిరిగేవారు. "ఈళ్ల ఊర్లో కొత్త ఎప్పుడో అడుగు." మా ఉత్తరాంధ్ర పల్లెల్లో కొత్త అంటే పండగ. కంది చేతికొచ్చినా, మామిడి కాసినా, ధాన్యం ఇంటికొచ్చినా ముందు అమ్మవారికి పెట్టి, నలుగురికీ పంచందే ఎవరూ నోట పెట్టరు. దాన్ని ఇంగ్లీషులో ఎలా అడగాలో తెలియక తిప్పలు పడేవాణ్ణి. అయినా ఎలాగో సమాధానాలు వచ్చేవి. ఉక్రెయిన్ నావికుడొకాయన, చివరి గోధుమ పనను కిరీటంలా అల్లి ఊరేగిస్తామన్నాడు. కొరియా కెప్టెను, కొత్త బియ్యంతో చేసినవి ముందు పెద్దలకు పెడతామన్నాడు. ఘానా కుర్రాడు మాత్రం, మా పండగలో ఆకలిని వెక్కిరిస్తూ కేకలు పెడతామన్నాడు. ఆ మాట వినగానే రమణమ్మ గారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు. "ఆకలినే ఎక్కిరిత్తారా! ఓలమ్మ, ఎంత దైర్నం!" తర్వాత వారం రోజులు వచ్చినవాళ్లందరికీ ఆ సంగతే చెప్పారు.

ఒకసారి నేనే అడిగాను. "మరి మన కొత్త ఎప్పుడమ్మా?" ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "మాకు నేదు బాబూ. ఊర్లో పొలం పోయిన్నాడే కొత్త కూడా పోనాది. పొలం నేనోలికి కొత్తేటి?" ఊళ్లో కౌలుకు చేసుకునే తమ్ముడు ఏటా ఓ బస్తా కొత్త బియ్యం పంపేవాడు. ఆవిడ దాని మూతి కూడా విప్పకుండా గోడౌనులో మూటలు మోసే కళాసీలకు ఇచ్చేసేవారు. పదేళ్లుగా కొత్త బియ్యం మెతుకు నోట పెట్టలేదని కళాసీలే చెప్పారు. మొండితనం అనుకున్నాను. అది దుఃఖమని అప్పుడు నాకు తెలియలేదు.

ఒక ఫిబ్రవరిలో బర్మా నావికులున్న ఓడ వచ్చింది. వంటవాడి పేరు తున్, నలభై ఏళ్ల బక్కపలచని మనిషి. వాడిచ్చిన లిస్టులో వేరుశనగ, నువ్వులు, అల్లం, కొబ్బరికాయలు, చివర్న 'కొత్త బియ్యం, ముద్దయ్యేవి' అని ఉంది. పాపం, వాడికి తెలియక రాశాడనుకున్నాను. అల్లుడొచ్చిన రోజున కొత్త బియ్యం వండితే మాట పడాల్సి వచ్చే ఇళ్లు మావి. పరాయి దేశం వాడికి అలాంటివి పంపి పరువు తీసుకుంటామా? లిస్టు ఎవరికీ చూపించకుండా, గోడౌనులో ఉన్నవాటిలోకెల్లా మేలైన రెండేళ్ల పాత బియ్యం తీసుకుని ఓడెక్కాను. తున్ దోసిట్లోకి తీసుకున్నాడు. గింజలు వేళ్ల సందుల్లోంచి జలజలా రాలిపోయాయి. వాడు కోప్పడలేదు. ఖాళీ అయిన చేతుల వైపు చూసుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు. "ఇవాళ మా పండగ. కొత్త బియ్యంతోనే చెయ్యాలి. మధ్యాహ్నం ఓడ వెళ్లిపోతుంది."

పోర్టు గేటు దగ్గర నుంచి ఫోను చేశాను. ఇంగ్లీషు పొగరంతా దిగిపోయి, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పేశాను. అటు నుంచి రమణమ్మ గారి మాట పిడుగులా పడింది. "కొత్త అడిగినోడికి పాత అట్టుకెల్లినావా? నీకేటి తెలిసని మార్సినావు? ఆడి నోటికాడ పండగ తీసీసినావు గదయ్యా!" తెలిసిన కొట్లన్నిటికీ తిరిగాను. ఎవణ్ణడిగినా "మా దగ్గర పాతవే సార్" అని గర్వంగా చెప్పేవాడే. పది దాటింది. దిక్కుతోచక గేటు దగ్గరికి తిరిగొచ్చేసరికి, ఆటోలోంచి ఆవిడే దిగుతున్నారు. పక్కన బస్తా. తమ్ముడు పంపిన బస్తా, ఈసారి ఇంకా కళాసీలకు ఇవ్వనిది. మూతి విప్పి ఉంది, ఆవిడ కుడి చేతికి మోచేతి దాకా తెల్లటి పిండి అంటుకుని ఉంది.

నిచ్చెన లాంటి ఆ ఓడ మెట్లు నన్ను పట్టుకోనివ్వకుండా ఎక్కారు. మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకుంటూ, "మా తాత రంగం ఎల్లొచ్చినోడే. ఆళ్ల బియ్యం తినే బతికినాడు," అన్నారు. రంగం అంటే ఆవిడ కాలం వాళ్లకి బర్మా. తున్ బస్తాలో చెయ్యి పెట్టి, అరచేయి పైకి తీసి, అంటుకున్న గింజలు చూసి చిన్నపిల్లాడిలా అరిచాడు. నలుగురు మగవాళ్లు పెద్ద మూకుడు చుట్టూ నిలబడి తెడ్లతో కలపడం మొదలుపెట్టారు. బియ్యం, నువ్వులు, అల్లం, కొబ్బరి కలిసి ఉడుకుతుంటే నూనె వాసన ఓడంతా కమ్మింది. మొదటి ముద్ద భోజనాల గదిలోని బుద్ధుడి ముందు పెట్టారు. రెండోది తున్ గిన్నెలో రమణమ్మ గారికి తెచ్చాడు.

ఆవిడ గిన్నె అందుకోలేదు. "ఈడికి పొలం ఎంతున్నాదో అడుగు," అన్నారు నాతో. అడిగాను. తున్ నవ్వాడు. "నాకు పొలమా? మా నాన్నకీ లేదు, తాతకీ లేదు. పడవ మీద పుట్టాను, ఓడ మీద వండుతున్నాను. కానీ ఎవరో పండించారు కదా. మేం తింటున్నాం కదా." తెలుగులో చెప్పాను. రమణమ్మ గారు గిన్నె అందుకుని పక్కన పెట్టారు. తర్వాత చెయ్యి కడుక్కుని, చిన్న ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చారు. "ఉప్పు సరిపోయిందని సెప్పు," అన్నారు.

ఆ మరుసటి ఏడాది నుంచి గోడౌనులో కొత్త చేశారు. తమ్ముడి బస్తా విప్పి, పరమాన్నం వండించి, మొదట అమ్మవారి పటం ముందు పెట్టి, కళాసీలకు, డ్రైవర్లకు, ఆ రోజు రేవులో ఎవరుంటే వాళ్లకు పంచేవారు. నా వంతు వచ్చినప్పుడల్లా, "ఈ బాబు బియ్యం మార్సీయకపోతే నాకీ పండగ నేదు," అని అందరి ముందూ ఆటపట్టించేవారు. మూడేళ్ల క్రితం ఆవిడ పోయారు. గోడౌను మూతపడింది. నేను వేరే ఉద్యోగంలో చేరాను. పొలం అమ్మాక మా ఇంట్లోనూ కొత్త ఆగిపోయింది. ఎందుకు ఆపామని మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అనుకోలేదు.

"బస్తా పంపొద్దులే," అన్నాను మా ఆవిడతో. ఆ ముద్దన్నంలోనే పాలు, బెల్లం వేసి పరమాన్నం చేయించాను. దేవుడి దగ్గర కొంచెం పెట్టి, ఓ గిన్నె పట్టుకుని కిందికి దిగాను. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ది ఒడిశా. ఏడాదిగా రోజూ గేటు తీస్తున్న మనిషిని మొదటిసారి అడిగాను, మీ ఊళ్లో కొత్త ఎప్పుడని. వాడి ముఖం వెలిగింది. వినాయక చవితి మర్నాడు, నువాఖాయి అని, ఇంట్లో అందరూ కూర్చుని కొత్త బియ్యం తింటామని చెప్పుకొచ్చాడు. ఒక ముద్ద తిని, నా వైపు చూసి, "మీది ఎప్పుడు సార్?" అన్నాడు.

"ఇవాళే," అన్నాను.