జేబుల మాత్రలతోని ఎల్బీ నగర్‌కు

మా ఇంటామె సరోజ షుగర్ మాత్రలు బంద్ పెట్టి పదిహేను దినాలైతున్నదని నాకు మొన్న శుక్రవారం తెలిసింది. ఫ్రిజ్జు మీది డబ్బాల మాత్రల పట్టీలు ఎట్లున్నయో అట్లనే ఉన్నయి. అడిగితే "ఆయుర్వేదం తింటున్న గద" అన్నది. ఎల్బీ నగర్ల ఎవరో డాక్టరమ్మ చూర్ణం ఇచ్చిందట, తిండి ఎట్ల తినాల్నో చెప్పిందట. ఈ నడుమనే స్నానాల గదిల కండ్లు తిరిగి గోడ పట్టుకున్న మనిషి ఈమెనే! శనివారం మళ్ల రమ్మన్నదంటే నేను గూడ బయల్దేరిన. ఆ డాక్టరమ్మను నిలదీసుడే నా యాత్ర. ఒక మాత్రల పట్టీ చొక్కా జేబుల పెట్టుకున్న.

మధ్యాహ్నం మూడింటికి మియాపూర్ల మెట్రో ఎక్కినం. సీట్లు దొరికినయి. అమీర్‌పేట దాటినంక పక్కన కూసున్న గుంటూరు దిక్కు పెద్దావిడ మా మాటలు విని, "ఎల్బీ నగర్ ఆయుర్వేదం ఆవిడ దగ్గరికేనా? హస్తవాసి మంచిదండీ. రాత్రిపూట పెరుగు మానిపించింది, నాకు ఒళ్లు తేలికైంది" అన్నది. అడగకుంటనే ఇంత పొగుడుడేంది? ఏజెంటే అనుకున్న.

దిగి షేర్ ఆటోల పోయేసరికి నాలుగున్నర. గల్లీల టైలర్ దుకాణం మీద రెండు గదులు. బల్ల మీద సీసాలు తక్కువనే ఉన్నయి. అసలు సరుకు లోపట దాచిందేమో!

డాక్టరమ్మ నాడి పట్టుకుంది. "ఆకలేశాకే తింటున్నారా? పొట్టలో కాస్త ఖాళీ ఉంచుతున్నారా? రాత్రి భోజనం పెందలాడే చేస్తున్నారా?" అన్నింటికి సరోజ బడిపిల్ల లెక్క తలూపింది. "రాత్రి మజ్జిగనే మేడం, పెరుగు ముడ్తలేను." పెరుగన్నం తినకుంటే తిన్నట్టే ఉండదు మా ఇంట్ల. అదీ ఇడిచిపెట్టింది.

ఇగ నాకు ఆగలే. పట్టీ తీసి బల్ల మీద కొట్టిన. "గివి ఎందుకు బంద్ చేయించినవమ్మా? మనిషి పడిపోతే నువ్వొస్తవా?"

డాక్టరమ్మ పట్టీని చూసి, సరోజను చూసి, లేచి నిలబడ్డది. "ఇవి ఆపేశారా? ఎవరు ఆపమన్నారమ్మా? మానొద్దని మొదటి రోజే చెప్పానే!"

సరోజ కొంగు మెలిపెట్టుకుంట, "పథ్యం చెయ్యాలన్నరు గద మేడం. మా అమ్మోళ్లింట్ల పసరు మందు తాగితే ఇంగ్లీష్ మందు ముట్టనియ్యరు. రెండూ కలిస్తే పసరు పనిచెయ్యదంటరు" అన్నది.

"పథ్యం తిండికమ్మా, ఈ మాత్రలకి కాదు! ముందు మీ షుగర్ డాక్టరుకి ఫోన్ చెయ్యండి. ఆయన చూసేదాకా నేను చూర్ణం కూడా ఇవ్వను."

మందు అమ్మకుంటనే పంపే మనిషిని దొంగ అని ఎట్ల అంటం? కిందికి దిగి ఫోన్ కొట్టిన. మా డాక్టరు ఇద్దర్నీ కలిపి తిట్టిండు. రాత్రి తిన్నంక మాత్ర ఎయ్యి, పొద్దున్నే పరీక్షకు రాండ్రి అన్నడు.

వాపసొచ్చుకుంట ఆరున్నరకు దిల్‌సుఖ్‌నగర్ల దిగినం. కోచింగ్ పిల్లలతోని రోడ్డంత కిటకిట. ఒక బండి దగ్గర జొన్న రొట్టె, పప్పు తీసుకున్నం.

"నాకెందుకు చెప్పలే?" అన్న.

"చెప్తే నమ్ముతవా? కూరగాయలామె కాంటా నుంచి కరెంటు మీటర్ దాక అన్నింటినీ అనుమానిస్తవ్. తిండి మారినంక నాకు జర పానం తేలికైంది. అది గూడ చెడగొడ్తవని భయమైంది."

ఆ మాట సూటిగ తగిలింది. ఆమె రొట్టె తినేదాక ఆగిన. మాత్ర చేతిల పెట్టిన. నోట్ల ఏసుకొని నీళ్లు తాగింది. నేను కన్నార్పకుంట చూస్తున్న.

"మింగిన్నో లేదో అని చూస్తున్నవా?"

"ఆ."

నోరు పెద్దగ తెరిచి, నాలుక ఎత్తి చూపెట్టింది. పక్కన పిల్లలు పకపక నవ్విన్రు. నాకు నవ్వొచ్చింది, కండ్లల్ల నీళ్లూ వచ్చినయి.

ఏడున్నరకు తిరుగు మెట్రో ఎక్కినం. ఇట్లాంటి వైద్యానికి పోయెటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరమ్మను తర్వాత నిలదియ్యుండ్రి, ముందు ఇంట్ల మనిషిని పక్కన కూసోబెట్టుకొని అడుగుండ్రి. కసురుకోకుంట అడుగుండ్రి.

నాంపల్లి దాటేసరికి సరోజ నా భుజం మీద తల వాల్చింది. ఇది నిద్రనా, కండ్లు తిరుగుడా? మళ్ల అనుమానమొచ్చింది. "సరోజా!" అని కుదిపిన.

"మంచిగనే ఉన్న," అన్నది కండ్లు తెరవకుంట. "ఇగ నన్ను పండనియ్యి."