మూడు ప్రాణాల టీ

మూడో అంతస్తు ఆవిడకి నోరుందని ఆ భవనంలో చాలామందికి తెలియదు. మెట్ల మీద ఎవరైనా ఎదురైతే గోడకి ఒదిగి దారిస్తుంది. ఎవరేం చెప్పినా తలాడిస్తుంది. అనాల్సినవన్నీ లోపలే అనుకుంటుంది. అవి గనక బయటికి వినపడితే సగం చుట్టరికాలు ఆ పూటకా పూటే తెగిపోయేవి.

ఆవిడ భర్త నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగి. ఇల్లిల్లూ తిరిగి, మెట్ల కింద బూజులోకి దూరి, అంకెలు రాసుకుని రావడం ఆయన పని. సాయంత్రం ఐదింటికి ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని, ముందుగదిలో టీవీ ముందు చతికిలబడేవాడు. పెళ్ళికి ముందే కొనుక్కున్న వీడియో ఆటల పెట్టె ఒకటి ఆ టీవీకి తగిలించి ఉండేది. మీసాలు నెరిశాయి, కళ్ళద్దాలు వచ్చాయి, పెట్టె మాత్రం పోలేదు. అందులో ఆడేది ఒకటే ఆట. ఇరవై రెండేళ్ళు ఒకటే ఆట. పైకి రావడానికి పరీక్షలు రాయమని ఆఫీసువాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా రాయనివాడు, ఆ ఆటలో ఆరో మెట్టు దాటడానికి మాత్రం ఒక్కరోజు మానకుండా కష్టపడ్డాడు.

ఆవిడ ఒక్కసారి కూడా వచ్చి చూసింది లేదు. ఈ వయసులో ఆటలేమిటన్న తన అభిప్రాయాన్ని గిన్నెలు కాస్త గట్టిగా పెట్టి తెలియజేసేది. ఆయనా బొత్తాలు కాస్త గట్టిగా నొక్కి జవాబిచ్చేవాడు. వాళ్ళ సంసారంలో జరిగిన పోట్లాటలన్నీ దాదాపు ఇలాంటివే.

కానీ ఆవిడ సాయంత్రం నడిచేది ఆ చప్పుడు మీదే. ఆటలో ఆయనకి మూడు ప్రాణాలు. ఒక్కో ప్రాణం పోయినప్పుడు, ఇత్తడి గిన్నె మెట్ల మీంచి ఒక్కో మెట్టే దొర్లుతున్నట్టు, ఒక పాట నింపాదిగా కిందికి దిగేది. మొదటిసారి దిగితే ఆవిడ నీళ్ళు పొయ్యి మీద పెట్టేది. రెండోసారికి టీపొడి వేసి పాలు పోసేది. మూడోసారికి టీ పొంగు మీదికొచ్చేది. ఆయన లేచి వంటింటి గుమ్మంలోకి వచ్చేసరికి కప్పు సిద్ధంగా ఉండేది. ఇరవై రెండేళ్ళూ ఆ టీకి గడియారంతో పని పడలేదు.

ఆయన పోయి తొమ్మిది నెలలైంది. ఇల్లు సర్దిపెడతామని వచ్చిన బంధువులు పాత టీవీతో పాటు ఆ పెట్టెని కూడా పాతసామాన్లవాడికి వేసేశారు. కళ్ళెదుట ఉంటే నీకు బాధ అన్నారు. ఆవిడ బాధ ఎక్కడుందో ఆవిడకి తప్ప అందరికీ బాగా తెలుసు. అప్పట్నుంచీ టీ ఒకరోజు చేదు, ఒకరోజు వేన్నీళ్ళు. ఐదయ్యేసరికి ముందుగదిలోంచి ఏ చప్పుడూ రాదు. ఆవిడ చేతిలో గిన్నె పట్టుకుని అలా నిలబడిపోతుంది.

చివరికి నోరు తెరిచి మరిదితో చెప్పింది. అలాంటి ఆట ఉన్న పెట్టె ఒకటి చవకలో చూసిపెట్టమంది.

మరిదికి టైర్ల దుకాణంలో చక్రాల వంకర సరిచేసే పని. ఇంట్లో అందరూ పిలిచే పేరు ప్రొఫెసరు. ఏ వస్తువు కొనాలన్నా దాని పుట్టుపూర్వోత్తరాలు తేల్చందే ఊరుకోడు. దోమల బ్యాటు కొనడానికి రెండు నెలలు తీసుకున్నాడు. ఈలోగా దోమల కాలం వెళ్ళిపోయింది. అలాంటివాడికి ఆటల పెట్టె వెతికే పని అప్పజెప్పింది. ఇప్పుడు టీవీకి తగిలించేవి పోయాయని, అరచేతిలో పట్టేవి వచ్చాయని, తెర కూడా వాటికే ఉంటుందని ముందు ఒక పాఠం చెప్పాడు. వారంపాటు ఫోనులో వీడియోలు చూశాడు. కాగితం మీద గళ్ళు గీసి, తొమ్మిది పెట్టెలకి తెర, బ్యాటరీ, మెమరీ కార్డు, ఆటల లెక్క అంటూ మార్కులు వేశాడు. ఆ వారంలో ఎవరి చక్రాలు ఎటు తిరిగాయో తెలియదు. ఇది ఎందుకు కావాలి వదినా అన్న ఒక్క గడి మాత్రం ఆ కాగితంలో లేదు.

ఇద్దరూ కలిసి వెళ్ళిన ఆటల పెట్టెల దుకాణం ఒక పాత షాపుల సముదాయంలో మెట్ల కింద ఉంది. ఫోను తొడుగులు తోరణాల్లా వేలాడుతున్నాయి. దుకాణదారు ఒక పెట్టె విప్పి, ఇందులో పదివేల ఆటలున్నాయని గర్వంగా చూపించాడు. ప్రొఫెసరు వేలితో జరుపుతూ పోయాడు. మొదటి వందా వేరువేరు ఆటలు. తర్వాతవన్నీ ఆ వందే, ఆటలో మనిషి చొక్కా రంగు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వస్తున్నాడు. పదివేల ఆటలు ఆడటానికి ఆయుష్షు కూడా అట్టపెట్టెలో పెట్టి ఇస్తారేమోనని ఆవిడ అనుకుంది. లోపలే.

దుకాణదారు ఏ ఆట కావాలని అడిగాడు. ఆవిడ దగ్గర పేరు లేదు. బొమ్మ ఎలా ఉంటుందో తెలియదు. ప్రొఫెసరుకీ తెలియదు. అన్న ఆడుతుంటే ఎప్పుడైనా పక్కన కూర్చుంటే కదా.

‘‘పేరు తెలీదు బాబూ, పాట తెలుసు’’ అందావిడ.

చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెట్ల మీంచి గిన్నె దొర్లే ఆ పాటని మొదటినుంచి చివరిదాకా కూనిరాగం తీసింది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ పాడగా మరిది వినడం అదే మొదలు. దుకాణదారు చేతిలో పని ఆపేశాడు. అతనికి ఆట దొరికింది. బావిలోకి దిగి, తేళ్ళని తప్పించుకుంటూ తాళంచెవులు ఏరుకునే ఆట. చిన్నప్పుడు తనూ ఆడాడట.

ప్రొఫెసరు కాగితంలో మొదటి ర్యాంకు వచ్చిన పెట్టెలో ఆట పెట్టారు. ఆవిడ తెరవైపు చూడకుండా ఫోను తొడుగులవైపు తిరిగి నిలబడింది. నువ్వాడు, నేను వింటానని దుకాణదారుతో అంది. బొమ్మ చచ్చింది. పాట దిగింది.

‘‘ఇది పరిగెడుతోంది. ఆయన బొమ్మ ఇంత కంగారుగా చచ్చేది కాదు.’’

రెండో ర్యాంకు పెట్టెదీ అదే పరుగు. మూడోదీ అంతే. దుకాణదారు ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. ఆ రోజుల్లో టీవీకి తగిలించే కొన్ని చవక పెట్టెల్లో ఆటలు కాస్త నెమ్మదిగా నడిచేవట. ఆట అసలు వేగం ఇదేనట.

‘‘మీరిన్నాళ్ళూ విన్నదే తప్పమ్మా.’’

‘‘అయితే ఆ తప్పుదే ఇవ్వు బాబూ.’’

ప్రొఫెసరు తలొంచుకుని కాగితం మడతపెట్టాడు. దుకాణదారు బల్ల కిందనుంచి బూడిదరంగు పెట్టె ఒకటి తీశాడు. నత్తలా నడుస్తోందని ఇద్దరు కొని ఇద్దరూ తిరిగిచ్చేశారట. కాగితంలో దానిది తొమ్మిదో ర్యాంకు, పక్కన ఎర్ర ఇంటూ గుర్తు. ఆట పెట్టారు. బొత్తాలు టిక్కుటిక్కుమన్నాయి. గిన్నె మొదటి మెట్టు దిగింది. ఆగి రెండో మెట్టు దిగింది. ఆవిడ చాలాసేపు ఇటు తిరగలేదు. ఫోను తొడుగుల మీద పువ్వులు లెక్కపెట్టుకుంటున్నట్టు నిలబడింది.

‘‘ఇదే’’ అంది చివరికి.

‘‘వదినా, దీని తెర వెలుతుర్లో కనపడదు.’’

‘‘నేను చూడను.’’

‘‘బ్యాటరీ రెండు గంటలు కూడా రాదు.’’

‘‘నాకు అరగంట చాలు.’’

‘‘సరే, మరి ఆడేదెవరు?’’

ఆవిడ ఇటు తిరిగింది. ఆ ఒక్క గడి ఆవిడ కాగితంలోనూ లేదు. పెట్టె దొరికితే ఆ ఐదింటి వేళ దానంతటదే తిరిగొస్తుందనుకుంది కాబోలు. ఇప్పుడు మరిదిని తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసింది, ఇంట్లో ఉన్నవాటితోనే వంట కానిద్దామనుకున్నట్టు.

మర్నాడు సరిగ్గా ఐదింటికి ప్రొఫెసరు ముందుగదిలో అన్నగారి చోట కూర్చున్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలో నీళ్ళు పోస్తుండగా మొదటి ప్రాణం పోయింది. అగ్గిపుల్ల గీస్తుండగా రెండోది, మంట పట్టేలోగా మూడోది. తొమ్మిది పెట్టెలకి మార్కులు వేసిన మనిషి ఒక్క తేలుని దాటలేకపోయాడు.

ఆవిడ గిన్నె పక్కన పెట్టి తిన్నగా నిలబడింది.

‘‘మళ్ళీ మొదలుపెట్టు’’ అంది వంటింట్లోంచే. ‘‘గంట మోగగానే రెండుసార్లు నొక్కు. ఆ చిటచిట చప్పుడు దాటిపోనీ. ఆగు. ఆగమంటే ఆగాలి. ఇప్పుడు గట్టిగా ఒకటి.’’

తాళంచెవి దొరికిన చప్పుడు ఘల్లుమంది. ఆవిడ పొయ్యి ముందు నిలబడి, బావిలోకి దిగే దారంతా మెట్టుమెట్టూ చెప్పుకుంటూ పోయింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఎగరాలో, ఆయన ఎక్కడ ఎప్పుడూ తొందరపడి చచ్చేవాడో కూడా చెప్పింది. మొదటి పాట దిగినప్పుడు నీళ్ళు పెట్టింది. రెండోదానికి టీపొడి వేసి పాలు పోసింది. మూడోది మాత్రం టీ ఇంకా పొంగకముందే దిగిపోయింది.

ప్రొఫెసరు పెట్టె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

‘‘నువ్వెప్పుడూ చూడలేదుగా వదినా. ఇదంతా ఎలా తెలుసు?’’

‘‘చూడ్డానికి నాకు ఖాళీ ఎక్కడిది?’’ అంది ఆవిడ. పొంగు వచ్చేదాకా అతని ముఖం చూడలేదు. తర్వాత టీ వడగట్టి, అన్నగారి కప్పులో పోసి చేతికిచ్చింది.

‘‘రేపూ ఐదింటికి రా. ఇంకాస్త బతకడం నేర్చుకుని రా.’’