రెండో ముంత

నా చిన్నప్పుడు మా తాతయ్య బెల్లం వండేటప్పుడు పెనం చుట్టూ నిలబడ్డ వాళ్లందరినీ తప్పకుండా ఒక మాట అడిగేవాడు. చెరకు రసం మరిగి మడ్డి పైకి తేలాక, రసం తేరడానికి పోసే సున్నపు తేట ముంత చేతిలోకి తీసుకుని, "ఇందులో ఎవులైనా ఏటైనా ఏసేరా?" అనేవాడు. ఎవరూ వెయ్యరని ఆయనకీ తెలుసు. అయినా అడగకుండా ముంత వంచేవాడు కాదు.

ఎనిమిదేళ్లప్పుడు, ఆయన పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తుంటే, నేనే ఒక ముంతడు తేట పోసేశాను. పెద్దదాన్నయ్యానని చూపించుకోవాలని నా గొప్ప. ఆయన లేచి ఎప్పటిలాగే అడిగాడు. వీపు విమానం మోత మోగుతుందని నోరు మెదపలేదు. ఆయన తన ముంత కూడా పోశాడు. కాసేపటికి సున్నం ఎక్కువై పాకం నల్లగా తిరిగింది.

నా గౌను మీద సున్నపు మరక చూశాడు, కానీ కొట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నీ ముంతతో ఏటీ పాడవ్వలేదే గుంటా. నువ్వు సెప్పుంటే నేను నా ముంత దించేద్దును కదా" అన్నాడు. ఆ ఏడాదంతా మా ఇంట్లో ఆ నల్ల బెల్లమే తిన్నాం.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మా ఆయనకు కిడ్నీలు రెండూ పాడై, వారానికి మూడుసార్లు అనకాపల్లిలో డయాలసిస్ చేయిస్తున్నాం. మొన్న వేసవిలో ఆయన కాలివేలు నల్లబడింది. డై ఎక్కించి రక్తనాళాల స్కాన్ తీయించమని, అయితే ముందు కిడ్నీ డాక్టరుని అడగమని కాలు చూసిన డాక్టరు చెప్పారు. అడిగితే వద్దంటారేమో, ఈలోగా కాలు తీసేయాల్సి వస్తుందేమోనని నా భయం. డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి కనపడకుండా ఫుల్ హ్యాండ్ చొక్కా తొడిగి, స్కాన్ సెంటర్‌లో కిడ్నీ జబ్బేమీ లేదని చెప్పేశాను.

ఆ పొద్దున డై ఎక్కించి స్కాన్ తీశారు. ఇంటికొచ్చి మధ్యాహ్నం అన్నం పెట్టాను. కిటికీలోంచి ఎండ నేరుగా కంచంలో పడుతోంది. ఆయన తడుముకుంటూ, "ఏటే, కరెంటు పోనాదా? లైటెయ్యి" అన్నారు. ఆటో ఎక్కించేసరికి నన్ను అమ్మా అని పిలుస్తున్నారు.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ చొక్కా చెయ్యి పైకి లాగి చూసి, డయాలసిస్ మనిషని గుర్తుపట్టింది. పక్షవాతం కావచ్చంది. మెదడు నరాలు చూడాలి, డై ఎక్కించి స్కాన్ తీద్దాం అంది. ఆపైన నా వైపు తిరిగి, పొద్దుట్నుంచి ఎక్కడైనా ఏమైనా మందు ఎక్కించారా అని అడిగింది.

నిజం చెబితే నా అబద్ధం బయటపడుతుంది, నలుగురిలో తిట్టిపోస్తారు. అవతల నర్సు సూది సిద్ధం చేస్తోంది. ముంత పట్టుకుని నిలబడ్డ మా తాతయ్య కళ్ల ముందు మెదిలాడు.

"ఆపండమ్మా! పొద్దున్నే ఓసారి డై ఎక్కించేరు. కిడ్నీ జబ్బు లేదని నేనే అబద్ధం సెప్పేను!" అని అరిచేశాను.

ఆమె నన్నొక్క చూపు చూసింది. తిట్టలేదు. సూది ఆపించి, డై లేకుండానే స్కాన్ తీయించింది. అందులో రక్తం గడ్డకట్టిన జాడ కనపడలేదు. కిడ్నీలు పనిచెయ్యని వాళ్లలో డై బయటికి పోక ఒళ్లోనే ఉండిపోతుందనీ, అరుదుగా మెదడు మీద పనిచేసి చూపునీ తెలివినీ చెడగొడుతుందనీ చెప్పింది. వెంటనే డయాలసిస్‌కి పంపింది. చూపు వస్తుందా అని అడిగితే, చూద్దాం అంది. నాలుగు గంటలు ఆ తలుపు బయట కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను.

రెండో డయాలసిస్ కూడా అయ్యాక, మూడోనాడు పొద్దున ఆయన నా వైపు తేరిపార చూసి, "ఆ సీరేటే అలా మాసిపోనాది?" అన్నారు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

మొదటి ముంత పోసింది నేనే. అది నన్ను ఇప్పటికీ తినేస్తూనే ఉంది. ఇప్పుడు ఏ ఆస్పత్రి మెట్లెక్కినా, ఎవరూ అడక్కముందే ఆయన ఒంట్లో ఏం పడిందో వరసగా చెప్పేస్తాను. ఎనిమిదేళ్లప్పుడు పెనం దగ్గర తాతయ్యకి చెప్పాల్సిన మాట అది.